సిఆర్‌పి ఎక్కువ వచ్చింది, ఇప్పుడేం చేద్దాం?

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో నర్సింగ్ చదివే పిల్లలున్నారు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు కొందరు వచ్చారు, మిగతావాళ్లంతా ఊళ్లోవాళ్లే కాబట్టి అందరికీ అర్థమయ్యేలాగే మాట్లాడతాను. ఎక్కడైనా నేను మరీ డాక్టర్ల మాటల్లోకి వెళ్లిపోతే చెయ్యెత్తి ఆపండి, ఏమీ అనుకోను.

2020లో, 2021లో మన ఇళ్లలో సిఆర్‌పి, డి-డైమర్, ఫెర్రిటిన్ ఇంటింటి మాటలైపోయాయి. ల్యాబ్ రిపోర్ట్ వాట్సాప్‌లో వస్తుంది, డాక్టర్ చూడకముందే ఇంట్లో నలుగురూ చూస్తారు, పక్కన ముద్ద అక్షరాల్లో "హై" అని కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. కోవిడ్ తగ్గింది గానీ ఆ అలవాటు తగ్గలేదు. ఇప్పుడు మామూలు జ్వరానికి కూడా రెండో రోజే సిఆర్‌పి చేయించుకుని వస్తున్నారు. "మేడమ్, ఇన్‌ఫెక్షన్ 64 ఉంది" అంటారు. ఇన్‌ఫెక్షన్ 64 ఉండదండీ. 64 ఉన్నది రక్తంలోని సిఆర్‌పి అనే ప్రొటీన్.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో వెళ్లిపోయేవాళ్లు కూడా ఇది పట్టుకెళ్లాలి. సిఆర్‌పి, ప్రోకాల్సిటోనిన్ లాంటి రక్తపరీక్షలు యాంటీబయోటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నదానికి అంత గట్టి జవాబు ఇవ్వలేవు. మొదలుపెట్టిన యాంటీబయోటిక్‌ని ఎప్పుడు ఆపొచ్చు అన్నదానికి మాత్రం బాగా సాయపడతాయి. మన దగ్గర వాడకం సరిగ్గా దీనికి తిరగేసి ఉంది. మొదట్లో ఒకసారి చేస్తాం, ఎక్కువ ఉందని మందు మొదలుపెడతాం, తర్వాత ఆపడానికి మళ్లీ చూడం, ఏడు రోజులో పది రోజులో కోర్సు అంటూ నడిపించేస్తాం.

సరే, సిఆర్‌పి అంటే ఏమిటో చూద్దాం. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆస్వాల్డ్ ఎవరీ ల్యాబ్‌లో, విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నిమోనియా రోగుల సీరం మీద, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే నీళ్ల మీద, పనిచేస్తున్నారు. న్యూమోకాకస్ అనే బాక్టీరియా గోడలోంచి తీసిన ఒక పదార్థాన్ని వాళ్లు "సి" అని పిలుచుకున్నారు. జబ్బుగా ఉన్న మనిషి సీరంలో దాన్ని కలిపితే తెల్లగా పేరుకుంటోంది, అదే మనిషి కోలుకున్నాక కలిపితే ఏమీ జరగడం లేదు. అదీ సి-రియాక్టివ్ ప్రొటీన్. అయితే న్యూమోకాకస్‌తో ఏ సంబంధం లేని జబ్బుల్లో కూడా ఇదే జరుగుతోందని తర్వాత తెలిసింది. అంటే ఫలానా క్రిమి ఉంది అని చెప్పడం దీనికి పుట్టుకనుంచీ రాదు.

ఎందుకంటే దీన్ని తయారుచేసేది క్రిమి కాదు, మన లివర్. ఒంట్లో ఎక్కడైనా కణజాలం దెబ్బతింటే, క్రిమి వల్ల కావచ్చు, ఆపరేషన్ వల్ల కావచ్చు, కాలిన గాయం, గుండెపోటు, కీళ్లవాతం, కొన్ని కాన్సర్లు, ఏదైనా కావచ్చు, అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సందేశాన్ని రక్తంలోకి వదులుతాయి. కోవిడ్‌లో విన్నారే ఐఎల్-6 అని, అదే. అది లివర్‌కి చేరగానే లివర్ ఈ ప్రొటీన్‌ని తయారుచేయడం మొదలుపెడుతుంది. ఊళ్లో కుక్క అరిచిందంటే ఎవరో కొత్తవాళ్లు వచ్చారని తెలుస్తుంది, వచ్చింది దొంగో చుట్టమో కుక్క అరుపు చెప్పదు, వెళ్లి చూడాల్సిందే. సిఆర్‌పి అంతే.

ఇక్కడ గడియారం ముఖ్యం. దెబ్బ తగిలిన ఆరు గంటలకో ఎనిమిది గంటలకో ఇది పెరగడం మొదలవుతుంది, దాదాపు 48 గంటలకి శిఖరానికి చేరుతుంది. ఒక్కోసారి మామూలు స్థాయికి వెయ్యి రెట్లు కూడా వెళ్తుంది. తయారీ ఆగిపోతే సుమారు 19 గంటలకోసారి సగం అవుతూ వస్తుంది. ఈ 19 గంటలు ఏ జబ్బులోనైనా అంతే, మారదు. అంటే రక్తంలో కనబడే అంకె పూర్తిగా లివర్ ఎంత తయారుచేస్తోందన్నదాని మీదే ఆధారపడుతుంది.

దీనివల్ల రెండు పొరపాట్లు జరుగుతాయి, రెండూ ప్రాణం మీదికి తేగలవు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మొదటిది, పొద్దున ఎనిమిదింటికి చలి జ్వరం వచ్చింది, పదకొండింటికి రక్తం ఇచ్చారు, సిఆర్‌పి 5 వచ్చింది, "అమ్మయ్య నార్మల్" అనుకుని ఇంటికి వెళ్లిపోయారు. ఆ 5కి ఆ సమయంలో విలువ లేదు. లివర్‌కి కబురు అందిందో లేదో! మర్నాడు సాయంత్రానికి అదే మనిషికి 180 ఉండొచ్చు. రెండోది దీనికి ఉల్టా. నిమోనియాతో చేరిన మనిషికి మొదటి రోజే సరైన యాంటీబయోటిక్ ఇచ్చారు. మర్నాడు పొద్దున చూస్తే సిఆర్‌పి నిన్నటికంటే ఎక్కువ. జ్వరం తగ్గుతోంది, ఆయాసం తగ్గుతోంది, మనిషి ఇడ్లీ అడుగుతున్నాడు, అంకె మాత్రం పెరిగింది. ఇంట్లోవాళ్లు గాభరా పడతారు, వాళ్లని చూసి డాక్టర్ కూడా ఒత్తిడికి లోనై ఇంకా పెద్ద యాంటీబయోటిక్‌కి మారుస్తాడు. మార్చక్కర్లేదు. అది ఇంకా శిఖరానికి ఎక్కుతున్న అంకె. మూడో రోజుకో నాలుగో రోజుకో కూడా దిగకపోతే అప్పుడు ఆలోచించాలి, మందు పట్టడం లేదా, ఎక్కడైనా చీము గూడుకట్టి ఉందా, అసలు రోగనిర్ధారణే తప్పా అని.

ల్యాబ్ వాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. కొన్ని ల్యాబులు సిఆర్‌పిని లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకి ఇస్తాయి. రెండింటికీ పది రెట్ల తేడా. నేను చెప్పే సిఆర్‌పి అంకెలన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లోనే. నిన్న ఒకచోట 4.8, ఇవాళ ఇంకోచోట 48 వస్తే అది పెరిగినట్టు కాదు, ఒక్కటే. రోగి బంధువులకి ఇది ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. అలాగే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో హెచ్‌ఎస్-సిఆర్‌పి అని ఉంటుంది, అది గుండెజబ్బు ముప్పు అంచనాకి చేసేది, జ్వరం ఉన్న రోజు దాన్ని చేయించుకుంటే డబ్బులు దండగ.

తెల్ల రక్తకణాల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే మామూలు అంటాం, బాక్టీరియా వస్తే వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం పెరిగి మొత్తం లెక్క పైకి పోతుంది. కానీ స్టెరాయిడ్ వేసుకున్నా పెరుగుతుంది. టైఫాయిడ్ బాక్టీరియా జబ్బే అయినా అందులో చాలాసార్లు పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. తీవ్రమైన సెప్సిస్‌లో, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలే దెబ్బతినే స్థితిలో, 4,000 కంటే కిందికి పడిపోవడం ఇంకా చెడ్డ సూచన. కాబట్టి "కౌంట్ పెరగలేదు, ఇన్‌ఫెక్షన్ లేదు" అనడం కుదరదు. ఈఎస్ఆర్ అయితే, ఎర్ర కణాలు గొట్టంలో ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసేది, వందేళ్లు దాటిన పరీక్ష, వయసుతో పెరుగుతుంది, రక్తహీనత ఉంటే పెరుగుతుంది, గర్భంతో ఉంటే పెరుగుతుంది, నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. టీబీ, ఎముకల ఇన్‌ఫెక్షన్, వాతరోగాల్లాంటి నెలల తరబడి సాగే జబ్బుల్లో దాని స్థానం దానిది, నిన్న మొదలైన జ్వరంలో మాత్రం దానితో పనిలేదు.

ఇప్పుడు ప్రోకాల్సిటోనిన్. నాకు చాలా ఆసక్తి ఉన్న విషయం ఇది. మన మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథిలో కొన్ని కణాలు కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ని తయారుచేస్తాయి, దానికి ముందు రూపం ఈ ప్రోకాల్సిటోనిన్, 116 అమైనో ఆమ్లాల గొలుసు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఇది దాదాపు కనబడదు. 1993లో పారిస్ పరిశోధకులు ఇన్‌ఫెక్షన్ అనుమానంతో ఆసుపత్రిలో చేరిన 79 మంది పిల్లల్లో దీన్ని కొలిచారు. తీవ్రమైన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్న పిల్లల్లో ఇది విపరీతంగా పెరిగింది, వైరస్ జబ్బుల్లో పెద్దగా పెరగలేదు. ఆశ్చర్యం ఏమిటంటే ఆపరేషన్‌లో థైరాయిడ్ తీసేసిన మనిషిలో కూడా ఇన్‌ఫెక్షన్ వస్తే ఇది పెరుగుతుంది. అంటే థైరాయిడ్ నుంచి రావడం లేదు. బాక్టీరియా విషపదార్థాలు, వాటికి ఒళ్లు వదిలే రసాయనాలు కలిసి లివర్, కిడ్నీ, ఊపిరితిత్తులు, కండ, కొవ్వు, ఇలా ఒంట్లో దాదాపు ప్రతి కణజాలం చేతా దీన్ని తయారుచేయిస్తాయి. వైరస్ వచ్చినప్పుడు ఒళ్లు ఇంటర్‌ఫెరాన్ గామాని వదులుతుంది, అది ఈ తయారీకి అడ్డు తగులుతుంది. అందుకే బాక్టీరియానా వైరసా అని తేల్చడంలో సిఆర్‌పి కంటే ఇది ఒక మెట్టు పైన. పైగా వేగం ఎక్కువ, మూడు నాలుగు గంటల్లో కదులుతుంది, ఒక రోజులోపే శిఖరానికి చేరుతుంది, కారణం తొలగిపోతే సుమారు 24 గంటలకోసారి సగమవుతుంది.

ఒక మెట్టు పైన అన్నాను గానీ చివరి మెట్టు అనలేదు. పెద్ద యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలినా, పెద్ద ఆపరేషన్ అయినా, ఒళ్లు కాలినా, గుండె చతికిలబడి బీపీ పడిపోయినా ఇది పెరుగుతుంది. కిడ్నీలు చెడిపోయినవాళ్లలో మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో మొదటి రెండు రోజులు సహజంగానే ఎక్కువ. మన పాడేరు వైపో భద్రాచలం వైపో ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషికి ఇది చాలా ఎక్కువ వస్తే బాక్టీరియా అని రాసేసే ముందు మలేరియా స్మియర్ చూడాలి, అంటే రక్తపు చుక్కని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోప్‌లో వెతకాలి, ఎందుకంటే తీవ్రమైన మలేరియా దీన్ని బాగా పైకి తోస్తుంది. అటువైపు, చీము ఒకేచోట గోడ కట్టుకుని ఉంటే, మైకోప్లాస్మా లాంటి బాక్టీరియాతో వచ్చిన నిమోనియా అయితే, టీబీ అయితే, ఇది తక్కువే ఉండొచ్చు.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. 2013లో ఒక విశ్లేషణ వచ్చింది, 30 అధ్యయనాలని కలిపి చూశారు. ఇన్‌ఫెక్షన్ కాని ఇతర కారణాల వల్ల తీవ్రంగా జబ్బుపడినవాళ్ల నుంచి సెప్సిస్ ఉన్నవాళ్లని ప్రోకాల్సిటోనిన్ ఎంత బాగా వేరుచేస్తుంది అని. సెప్సిస్ ఉన్న 100 మందిలో 77 మందిని పట్టుకుంది, లేని 100 మందిలో 79 మందిని లేదని సరిగ్గా చెప్పింది. వినడానికి బాగానే ఉంది. తిప్పి చదవండి. సెప్సిస్ ఉన్న 100 మందిలో 23 మందిని వదిలేసింది. ఆ 23 మందికి "రిపోర్ట్ బాగుంది, రేపు చూద్దాం" అన్నామంటే ఏమవుతుందో నర్సింగ్ పిల్లలు ఆలోచించండి.

ఇదే పరీక్షని, ఇవే అంకెలతో, ఒక మామూలు క్లినిక్‌కి తీసుకొస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. వెయ్యిమంది జ్వరంతో వచ్చారనుకుందాం, వాళ్లలో నిజంగా తీవ్రమైన బాక్టీరియా జబ్బు ఉన్నది 20 మందికే అనుకుందాం. ఆ 20లో 15 మందిని పరీక్ష పట్టుకుంటుంది. మిగతా 980 మందిలో, 100కి 21 చొప్పున, సుమారు 206 మందికి అబద్ధంగా "ఉంది" అంటుంది. మొత్తం 221 మంది చేతిలో భయపెట్టే రిపోర్ట్, నిజంగా జబ్బున్నది 15 మందికి. పరీక్ష చెడ్డది కాదు, దాన్ని ఎవరికి చేస్తున్నామన్నదే తేడా. ఐసీయూలో ఉన్న మనిషికి అర్థం ఉన్న అంకె, జలుబుతో వచ్చిన మనిషికి చేస్తే అర్థం పోగొట్టుకుంటుంది. వర్షాకాలంలో జ్వరం వచ్చిన ప్రతివాళ్లకీ ఫీవర్ ప్యాకేజీ అని పాతిక పరీక్షలు చేయించడం మీద నాకున్న కోపమంతా ఇక్కడినుంచే.

మరి ఎక్కడ పనికొస్తాయి? ముందు సిఆర్‌పి సంగతి. వియత్నాంలో హనోయి చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దగ్గు జ్వరంతో వచ్చిన రెండువేల పైచిలుకు మందితో ఒక ట్రయల్ చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. వేలి నుంచి చుక్క రక్తం తీసి అక్కడికక్కడే సిఆర్‌పి చూసి, తక్కువ ఉంటే యాంటీబయోటిక్ ఇవ్వకుండా పంపారు. పరీక్ష లేనిచోట 78 శాతం మంది యాంటీబయోటిక్ వాడారు, పరీక్ష ఉన్నచోట 64 శాతం. రోగులకి నష్టం జరగలేదు. చూడండి, అక్కడ సిఆర్‌పిని వాడింది మందు ఇవ్వడానికి కాదు, ఇవ్వకుండా ఉండటానికి. నిలకడగా ఉన్న మనిషికి, మూడు నాలుగు రోజుల దగ్గుకి, 20 కంటే తక్కువ సిఆర్‌పి వస్తే "అమ్మా, దీనికి యాంటీబయోటిక్ అక్కర్లేదు" అని ధైర్యంగా చెప్పొచ్చు. ఆ ధైర్యం డాక్టర్‌కీ కావాలి, రోగికీ కావాలి.

ప్రోకాల్సిటోనిన్ అయితే, 2009లో స్విట్జర్లాండ్‌లో ఆరు ఆసుపత్రుల్లో 1,359 మంది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రోగుల మీద చూశారు. అంకె 0.25 కంటే తక్కువ ఉంటే యాంటీబయోటిక్ వద్దు, ఆపేయండి, పైన ఉంటే ఇవ్వండి అని పద్ధతి పెట్టారు. యాంటీబయోటిక్ వాడిన రోజులు సగటున 8.7 నుంచి 5.7కి తగ్గాయి, రోగులకి నష్టం లేదు. 2016లో నెదర్లాండ్స్‌లో ఐసీయూ రోగుల మీద చేశారు, శిఖరం నుంచి 80 శాతం తగ్గినా, లేదా 0.5కి దిగినా ఆపమని సలహా ఇచ్చారు. యాంటీబయోటిక్ రోజులు 7 నుంచి 5కి వచ్చాయి, 28 రోజుల్లో మరణాలు 25 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. ఈ మరణాల తగ్గుదలని చూసి నేను మరీ పొంగిపోను, ఇతర ట్రయల్స్‌లో అంత స్పష్టంగా రాలేదు. 2018లో అమెరికాలో 1,656 మందితో చేసిన ట్రయల్‌లో యాంటీబయోటిక్ రోజుల్లో తేడాయే రాలేదు, 4.2కి 4.3. ఎందుకంటే అక్కడి డాక్టర్లు అప్పటికే తక్కువ వాడుతున్నారు, అంకె వచ్చి తగ్గించేదేమీ మిగల్లేదు. ఇక 2024 డిసెంబర్‌లో బ్రిటన్ నుంచి వచ్చినది, 41 ఆసుపత్రులు, 2,760 మంది సెప్సిస్ రోగులు. రోజూ ప్రోకాల్సిటోనిన్ చూసినవాళ్లలో యాంటీబయోటిక్ 10.7 రోజుల నుంచి 9.8కి తగ్గింది, మరణాలు పెరగలేదు. రోజూ సిఆర్‌పి చూసినవాళ్లలో తేడా రాలేదు.

ఒక్క రోజు కూడా నిండా లేదే అనొచ్చు మీరు. నిజమే. కానీ పదిరోజులు నడిచే చోట ఒక రోజు తగ్గితే ఏం తగ్గినట్టు అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే. మన ఐసీయూల్లో ఇవాళ చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ లాంటి మందులు కిడ్నీలని దెబ్బతీస్తాయి, పైగా వాడినకొద్దీ వాటికీ లొంగని క్రిములు తయారవుతాయి, ఆ క్రిములు పక్క మంచం మీదున్న మనిషికి అంటుకుంటాయి. అలాంటిచోట ఒక రోజు చిన్నదేం కాదు. అయితే ప్రోకాల్సిటోనిన్ ఖరీదు వేలల్లో ఉంటుంది, సిఆర్‌పి కొన్ని వందల్లో అయిపోతుంది. డబ్బులు లేని మనిషికి రోజూ ప్రోకాల్సిటోనిన్ రాయడం నేను ఒప్పుకోను. మనిషి బాగుపడ్డాడు, జ్వరం లేదు, తింటున్నాడు, చాలా ఇన్‌ఫెక్షన్లకి చిన్న కోర్సు సరిపోతుందని మనకి తెలుసు, ఆ పని చేయడానికి ప్రతిసారీ అంకె అనుమతి అక్కర్లేదు.

సెప్సిస్ చికిత్స మీద అంతర్జాతీయంగా ఇచ్చిన 2021 సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ మార్గదర్శకాలు కూడా ఈ తేడానే చెబుతాయి. యాంటీబయోటిక్ ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చడానికి డాక్టర్ పరిశీలనకి ప్రోకాల్సిటోనిన్‌ని జోడించొద్దు, ఎప్పుడు ఆపాలో తేలనప్పుడు జోడించొచ్చు.

సెప్సిస్ అంటున్నాను కదా, అదేమిటో కూడా చెప్పాలి. 2016లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణాపాయ స్థాయిలో దెబ్బతినడమే సెప్సిస్. ఆ నిర్వచనంలో సిఆర్‌పి లేదు, ప్రోకాల్సిటోనిన్ లేదు, జ్వరం కూడా లేదు. చూసేది అవయవాలని. ఊపిరితిత్తులు ఆక్సిజన్ తీసుకుంటున్నాయా, బీపీ నిలబడుతోందా, మూత్రం వస్తోందా, మనిషి స్పృహలో ఉన్నాడా, ప్లేట్‌లెట్లు, లివర్ సంగతి చెప్పే బిలిరుబిన్, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ ఎలా ఉన్నాయి. 2017 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చింది, కోటీ పది లక్షల మంది చనిపోయారు. మొత్తం మరణాల్లో ఐదింట ఒకటి. ఇంత పెద్ద జబ్బుకి ఒక్క రక్తపరీక్షతో అవును కాదు అని చెప్పే దారి ఈరోజుకీ లేదు.

లాక్టేట్ అని ఇంకో పరీక్ష ఉంటుంది, ఐసీయూలో చూస్తారు. అది ఇన్‌ఫెక్షన్‌ని కొలవదు, కణజాలానికి రక్తం సరిగా అందడం లేదేమో అని హెచ్చరిస్తుంది. 2 దాటితే జాగ్రత్త, 4 దాటితే చాలా ప్రమాదం. ఫిట్స్ వచ్చాక పెరుగుతుంది, లివర్ చెడిపోతే పెరుగుతుంది, ఆస్తమాకి నెబ్యులైజర్ గట్టిగా పెట్టినా పెరుగుతుంది, అది గుర్తుంచుకోవాలి. కానీ నా లెక్కలో సెప్సిస్ అనుమానం ఉన్న మనిషికి మొదటి గంటలో చేయాల్సిన రక్తపరీక్షలు రెండే రెండైతే, అవి లాక్టేట్, బ్లడ్ కల్చర్. కల్చర్ అంటే రక్తాన్ని ఒక సీసాలో వేసి అందులో క్రిమి పెరుగుతుందేమో చూడటం. కల్చర్ యాంటీబయోటిక్ ఎక్కించకముందు తీయాలి. మన దగ్గర ఇది ఎంత తరచుగా తప్పుతుందో! మూడు రోజులు ఇంజెక్షన్లు అయ్యాక, జ్వరం తగ్గకపోతే అప్పుడు కల్చర్ పంపుతారు, "ఏమీ పెరగలేదు" అని వస్తుంది, పెరగదు మరి. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో పేరుపెట్టి చెప్పగలిగింది ఆ సీసా. సిఆర్‌పికి ఖర్చుపెట్టే శ్రద్ధలో సగం కల్చర్ మీద పెడితే బాగుండును. అలాగని కల్చర్ తీయడానికి గంటలు ఆలస్యమైతే మందు ఆపి కూర్చోకూడదు. షాక్‌లో, అంటే బీపీ పడిపోయి ఉన్న మనిషికి గంటలోపు యాంటీబయోటిక్ పడాలి.

మనకి సంబంధించిన ఇంకో జబ్బు చెప్పి ప్రశ్నలకి వస్తాను. స్క్రబ్ టైఫస్. వానలు పడ్డాక పొలాల్లో, పొదల్లో ఉండే మైట్ అనే చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది, మంచాల్లో ఉండే నల్లి కాదు. సిఆర్‌పి 100 దాటి కూడా ఉండొచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, డెంగీ అనుకుంటారు, సిఆర్‌పి చూసి బాక్టీరియా అనుకుని సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఎక్కిస్తారు. బాక్టీరియానే, ఆ మాట నిజం. కానీ ఈ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది, సెఫ్ట్రియాక్సోన్ దానికి పనిచేయదు. ఐదు రోజులు పెద్ద ఇంజెక్షన్లు వృథా అవుతాయి, మనిషి దిగజారిపోతాడు. కావాల్సింది డాక్సీసైక్లిన్, చవక మాత్ర. ఆ మందుల కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది లెడర్లీ కంపెనీ నుంచి, అక్కడ అప్పుడు పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు అవసరమైన రోగిని గుర్తించడానికి ఏ ఖరీదైన పరీక్షా అక్కర్లేదు చాలాసార్లు. బట్టలు తీసి చంకల్లో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము దగ్గర చూస్తే సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ కనబడుతుంది. అందరికీ ఉండదు, కానీ వెతికితేనే గదా ఉన్నవాళ్లకి కనబడేది.

కోవిడ్ విషయం కూడా ఇక్కడే. ఆ వైరస్‌తో సిఆర్‌పి బాగా పెరిగేది. అది చూసి బాక్టీరియా కూడా ఉందేమోనని యాంటీబయోటిక్స్ ఇచ్చారు. 2020 తొలి నెలల అధ్యయనాలని కలిపి చూస్తే నిజంగా బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్నది దాదాపు 7 శాతం మందికి, యాంటీబయోటిక్ తీసుకున్నది 70 శాతం పైగా. అదే సిఆర్‌పిని బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ వాళ్లు వేరేలా వాడారు, ఆక్సిజన్ తగ్గి సిఆర్‌పి 75 దాటినవాళ్లకి ఐఎల్-6ని అడ్డుకునే టొసిలిజుమాబ్ అనే మందు ఇచ్చి చూశారు, కొన్ని ప్రాణాలు నిలిచాయి. అంకె అదే. అడిగిన ప్రశ్న వేరు.

ఇక అడగండి.

ప్రశ్న: మేడమ్, ఇంట్లో పెద్దవాళ్లకి జ్వరం వస్తే ఏ పరీక్ష ముందు చేయించాలి?

పరీక్ష కంటే ముందు మీరే చూడాల్సినవి ఉన్నాయమ్మా. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో ఫోన్‌లో టైమ్ పెట్టుకుని లెక్కపెట్టండి, 22 దాటితే ఆలస్యం చేయొద్దు. మాట తికమకగా ఉందా, మత్తుగా పడుకునే ఉంటున్నారా, పొద్దుటినుంచి మూత్రం పోశారా, కాళ్లు చేతులు చల్లగా అయ్యాయా, బీపీ మిషన్ ఉంటే పై అంకె 100 కంటే తగ్గిందా. వీటిలో ఏది కనబడినా ల్యాబ్‌కి కాదు, ఆసుపత్రికి వెళ్లండి. ఇంకోటి, వయసు మళ్లినవాళ్లలో సెప్సిస్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన అమ్మమ్మ ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే అది వయసు వల్ల అని వదిలేయకండి.

ప్రశ్న: పుట్టిన బిడ్డకి సిఆర్‌పి నెగెటివ్ అంటే ఇంక భయం లేనట్టేనా?

ఒక్కసారి నెగెటివ్ వస్తే లేదు. పుట్టగానే తీసిన రక్తంలో అది పెరిగే టైమే ఉండదు. ఒక రోజు తేడాతో మళ్లీ చేసి, రెండుసార్లూ మామూలుగా ఉంటే, బిడ్డ కూడా బాగుంటే అప్పుడు చాలావరకు ధైర్యం. ప్రోకాల్సిటోనిన్ అయితే మొదటి రెండు రోజులు సహజంగా ఎక్కువ ఉంటుందని ఇందాక చెప్పాను, పెద్దవాళ్ల కొలతతో చూడకూడదు. వీటన్నిటికంటే, పాలు సరిగా తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లకి మించి ఊపిరి తీస్తున్నా రిపోర్ట్ ఏదైనా సరే పిల్లల డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

ప్రశ్న: మా నాన్నగారికి కీళ్లవాతం, దానికి టొసిలిజుమాబ్ ఇంజెక్షనే తీసుకుంటారు. ఆయనకి సిఆర్‌పి ఎప్పుడూ తక్కువే వస్తుంది. మంచిదే కదా?

కీళ్ల వరకు మంచిదే. ఇన్‌ఫెక్షన్ వరకు మాత్రం ఆయన విషయంలో ఆ పరీక్షని పక్కనపెట్టేయాలి. ఆ ఇంజెక్షన్ ఐఎల్-6 సందేశాన్ని అడ్డుకుంటుంది, కబురు లివర్‌కి అందదు, నిమోనియా వచ్చినా సిఆర్‌పి ఒకటో రెండో దగ్గరే ఉండిపోవచ్చు, జ్వరం కూడా పెద్దగా రాకపోవచ్చు. లివర్ బాగా చెడిపోయినవాళ్లలో కూడా సిఆర్‌పి ఇలాగే తక్కువగా మోసం చేస్తుంది. కాబట్టి ఆయనకి కొత్తగా దగ్గు, ఆయాసం, కడుపునొప్పి, విపరీతమైన నీరసం, ఏది వచ్చినా రిపోర్ట్ చూసి ఊరుకోకుండా డాక్టర్ చేత పరీక్ష చేయించండి. ఎమర్జెన్సీలో ఉండే డాక్టర్‌కి ఆయన ఈ ఇంజెక్షన్ మీద ఉన్నారని తెలియదు, మీరు వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట అదే, చివరి డోసు ఏ తేదీన పడిందో కూడా చెప్పండి.